నూరా పాలపన్ను, మన పేడముద్ద

జెద్దా

మస్తానక్కకు,

నీ చెల్లెలు హుస్సేనమ్మ సలాములు. అల్లా దయతో నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, నిద్ర పడుతోంది, మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది. నువ్వు, బావ, మీ అత్త ఎలా ఉన్నారు? అత్త షుగరు మాత్రలు వేసుకుంటోందా, లేక దిండు కింద దాచి నిన్ను మోసం చేస్తోందా? నా రేష్మా నిన్ను ఎక్కువ సతాయించడం లేదు కదా? పోయిన శుక్రవారం ఫోన్లో ముందు పన్ను కదులుతోందని నోరంతా తెరిచి చూపించింది. ఫోన్ మింగేస్తుందేమో అనుకున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుతావని తెలుసు. నువ్వు ఫోన్ ఎత్తితే చాలు స్పీకర్ పెడతావు, పక్కింటి మేకలకు కూడా నా మాటలు వినిపిస్తాయి. ఈ సంగతి రేష్మా చెవిన పడకూడదు. అందుకే ఖాదరన్న చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన నేను పనిచేసే ఇంటి డ్రైవరు, మన రాయచోటి మనిషే, సెలవు మీద వస్తున్నాడు. ఇంటికొస్తే మంచిగా చూడు. టీలో చక్కెర ఎక్కువ వెయ్యి.

ఇంకో మాట. చింతపండు పంపమని అడిగాను కదా, పంపొద్దు. ఎందుకో చివర్లో చెబుతాను. ముందే చివరకు పోయి చదవకు, నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ ఎండ సంగతి ఏం చెప్పను! ఎండ కంటే ఉక్క ఎక్కువ. సముద్రం పక్కనే ఉంది, పేరుకే గాలి. మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి నా బట్టలు తడిసిపోతాయి. తిండికి లోటు లేదు. అన్నం, మాంసం, ఖర్జూరాలు, ఎంత కావాలంటే అంత. కానీ సంగటి ముద్ద కోసం నాలుక పీకుతుంది. ఒక రోజు గోధుమ రవ్వ ఉడికించి సంగటిలా కెలికాను. అది సంగటీ కాలేదు, ఉప్మా కాలేదు, నేనే తిని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. అంతా మంచిగానే ముగిసింది, అది ముందే చెబుతున్నా. లేకపోతే సగం చదివి ఏడుపు మొదలుపెడతావు.

ఈ ఇంట్లో నేను చూసుకునే పాప నూరా. మన రేష్మా ఈడుదే. మొన్న ఒక రోజు వాళ్ళమ్మ, అదే మేడమ్, బజారుకు పోయింది. నూరా నా దగ్గర వంటింట్లో కూర్చుని దోసకాయ ముక్క కొరికింది, కింది పన్ను ఊడి చేతిలోకొచ్చింది. రక్తం చూసి ఒకటే ఏడుపు. కడిగాను, చల్లనీళ్ళు పుక్కిలింపించాను. అయినా ఏడుపు ఆగలేదు. ఏమ్మా అంటే అసలు భయం అప్పుడు చెప్పింది. వాళ్ళది ఇంగ్లీషు బడి. పన్ను ఊడితే దిండు కింద పెట్టుకుని పడుకోవాలట, రెక్కలున్న ఒక బుల్లి దేవత వచ్చి పన్ను తీసుకుని డబ్బు పెట్టి పోతుందట. మేడమ్ కూడా అలాగే చేద్దామని మాటిచ్చిందట. తోటి పిల్లలందరికీ అది సంబరం, మన నూరాకు మాత్రం వణుకు. "నేను పడుకున్నాక ఎవరో నా గదిలోకి వస్తారు, నా దిండు కింద చెయ్యి పెడతారు, నాకొద్దు" అంటుంది. నిజమే కదక్కా! నాకైనా భయమే.

ఆ పిల్ల వెక్కిళ్ళు చూసి నా ప్రాణం ఉసూరుమంది. "మా ఊళ్ళో ఎవరూ రారమ్మా, మన పన్ను మనమే ఇంటి మీదకు విసిరేస్తాం, కొత్తది వస్తుంది" అన్నాను. వెంటనే ఏడుపు ఆగింది. "అట్లనే చేద్దాం" అంది. మనమ్మ మనకు చేసింది గుర్తుంది కదా? పన్నును పేడముద్దలో పెట్టి, తల చుట్టూ దిష్టి తిప్పి, కాకి కంట పడకుండా కొట్టం మీదకు విసిరేది. జెద్దాలో ఆవు ఎక్కడ దొరుకుతుంది! గోధుమపిండి తడిపి, కాస్త పసుపు కలిపి, ముద్ద చేసి పన్ను లోపల పెట్టాను. నూరాను నిలబెట్టి తల చుట్టూ తిప్పుతూ "ఊళ్ళో దిష్టి, వీధిలో దిష్టి" అని గొణుగుతున్నాను. సరిగ్గా అప్పుడే మేడమ్ లోపలికి వచ్చింది.

ఆమె కళ్ళతో ఒక్కసారి చూడు. పనిమనిషి తన బిడ్డ తల చుట్టూ పచ్చటి ముద్ద తిప్పుతూ తెలియని భాషలో ఏదో గొణుగుతోంది. ముద్ద లాక్కుని చిదిమింది. లోపల బిడ్డ పన్ను, రక్తం మరకతో. మేడమ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. నూరాను చంకనేసుకుని, నన్ను నా గదిలోకి పొమ్మంది. సార్‌కు ఫోన్ చేస్తున్న మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

కాసేపటికి ఖాదరన్న నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏం సేసినావు సెల్లే? ఈ దేశంలో పిల్లోల్ల ఎంటికలు, గోర్లు, పండ్లు పనోల్ల చేతిలో కనపడితే సిహిర్ అంటారు. చేతబడి మే! పోలీసోల్లను పిలుస్తారు."

"నాకు తెల్దన్నా. బిడ్డ ఏడుస్తాంటే సేసినా."

"నీకు తెల్దు, సరే. నీకు తెల్దని వాల్లకు తెల్దు గదా!"

అక్కా! ఐదు పూటలా నమాజు చేసుకునే దాన్ని, నన్ను పట్టుకుని చేతబడి మనిషి అంటారా అని ఒక పక్క కడుపు మండిపోయింది. ఇంకో పక్క భయం. జైల్లో వేస్తే? రేష్మాకు నాయన ఎలాగూ లేడు, నేను కూడా లేకపోతే ఆ పిల్ల గతేంటి? నువ్వు చూసుకుంటావు, నాకు తెలుసు. అయినా నా గుండె నా మాట వినలేదు. చాప మీద కూర్చుని దువా చేస్తూ ఏడ్చాను, ఏడుస్తూ దువా చేశాను.

సార్ వచ్చాక నన్ను హాల్లోకి పిలిచారు. సార్, మేడమ్, సార్ వాళ్ళ అమ్మ కూర్చుని ఉన్నారు. పెద్దామెను ఇంట్లో అందరం హజ్జా అంటాం. చిదిమిన ముద్ద పళ్ళెంలో ఉంది. ఎందుకు చేశావని సార్ అడిగాడు. నాకు వచ్చింది వంటింటి అరబ్బీ. ఉప్పు, పప్పు, చీపురు వరకే. దిష్టిని అరబ్బీలో ఏమంటారో నాకేం తెలుసు! చేతులు తిప్పాను, ఆకాశం చూపించాను, కాకిలా కావు కావుమని అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఒళ్ళంతా చెమటలు.

అంతలో నూరా పరిగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. "నేనే అడిగాను, నాకు దిండు కిందకు వచ్చే ఆమె వద్దు" అని గట్టిగా ఏడ్చింది.

హజ్జా నా వైపు తిరిగి, "మీ ఊళ్ళో ఎక్కడికి విసురుతారు?" అంది.

"ఇంటి మీదకు."

"దాచడమెందుకు?"

"చెడ్డ కన్ను పడకుండా. చెడ్డ చేతికి దొరక్కుండా."

హజ్జా పకపకా నవ్వింది. చూడాలి నువ్వు, ఆమె నోట్లో ముందు పళ్ళు లేనే లేవు. "మేము సూర్యుడి మీదకు విసిరేవాళ్ళం. ఓ సూర్యుడా, గాడిద పన్ను తీసుకో, జింక పన్ను ఇవ్వు అని అరిచేవాళ్ళం" అంది. మేడమ్ వైపు తిరిగి, "నీ రెక్కల ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో నీ ఫోన్లో చూడు" అంది.

మేడమ్ ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది. ఆ దేవత పాతది కాదట, అమెరికాలో పుట్టి మన అవ్వల కాలానికి పేరు తెచ్చుకుందట. అంతకుముందు చాలా దేశాల్లో ఎలుకకు ఇచ్చేవారట, ఎలుక పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి బిడ్డకూ అంత గట్టి పళ్ళు రావాలని. ఇంకా వెనక్కి పోతే, ఆ దొరల దేశాల్లోనే, బిడ్డ పన్ను మంత్రగత్తెల చేతికి దొరక్కూడదని పాతిపెట్టేవారట, నిప్పులో వేసేవారట. ఆ మాట దగ్గర మేడమ్ చదవడం ఆపింది. పళ్ళెంలోని ముద్ద వైపు చూసింది, నా వైపు చూసింది.

"విన్నావా? ఈమె చేతబడి చెయ్యలేదు. నీ బిడ్డకు చేతబడి తగలకుండా చూసింది" అంది హజ్జా.

నేను అక్కడే కూలబడ్డాను. అబ్బ, గుండె మీది బండ దిగడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది. మేడమ్ సారీ చెప్పలేదు. కానీ టీ తనే పోసి నా చేతికిచ్చింది. ఈ ఇంటికి వచ్చాక నేను కాయని టీ తాగడం అదే మొదలు.

మరుసటి ఉదయం అందరం మేడెక్కాం. మెట్ల మీద సార్ గొణిగాడు. "అడిగితే దేవుణ్ణి అడగాలి గానీ, సూర్యుణ్ణి అడగడమేంటమ్మా?"

"నీ పళ్ళు కూడా నేనే విసిరించాను. నోరు మూసుకుని ఎక్కు" అంది హజ్జా.

కడిగిన పన్ను నూరా చేతిలో పెట్టింది. నూరా కళ్ళు చికిలించి విసిరింది. గాడిద పన్ను తీసుకో, జింక పన్ను ఇవ్వు అని అరిచింది. అరిచి, ఆగి, "రేష్మాకు కూడా ఇవ్వు!" అని ఇంకో కేక వేసింది.

నా కళ్ళు నిండిపోయాయక్కా. ఫోన్లో రేష్మా పన్ను చూపించినప్పుడు నూరా నా పక్కనే ఉంది.

"రేష్మా ఎవరు?" అంది హజ్జా. నా కూతురని, దాని పన్ను కూడా కదులుతోందని చెప్పాను. ఆమె నూరా తల నిమిరింది. తర్వాత, "బిడ్డ ఒంట్లోంచి మొదటిసారి ఒకటి ఊడిపోతుంది. పోయింది మళ్ళీ వస్తుందని ఎవరో చెప్పాలి. దేవత అయినా, ఎలుక అయినా, సూర్యుడయినా అందుకే. నీ బిడ్డకు నువ్వు పోయి చెప్పు" అంది. సార్ వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది, అంతే.

నిన్న సార్ తన ఫోన్ చూపించాడు. నా ఎగ్జిట్ రీఎంట్రీ, అదే ఊరికి పోయి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, వచ్చేసింది. టికెట్ కూడా తీశారు. వచ్చే నెల మొదట్లోనే వస్తున్నాను అక్కా! చింతపండు నేనే తెచ్చుకుంటాను.

రేష్మాకు మాత్రం చెప్పొద్దు. విమానం ఎక్కేదాకా నాకే నమ్మకం లేదు, ఆ పిల్లను ఎదురుచూపులు చూడనివ్వొద్దు. ఒక్కటి మాత్రం చెయ్యి. చెరుకు, మురుకులు, శనగల ఉండలు ఇంట్లో లేకుండా చూడు. అన్నం మెత్తగా వండు. ఆ పన్నును నాలుకతో తోస్తుంటే వీపు మీద ఒక్కటెయ్యి, మెల్లగా.

బావకు, అత్తకు నా సలాములు. అత్తను నా కోసం దువా చెయ్యమను. పెద్దదానివి, నీ దీవెన నా నెత్తిన ఉండనీ. రేష్మాకు ముద్దులు, కానీ నేను పంపానని చెప్పకుండా పెట్టు.

నీ చెల్లెలు
హుస్సేనమ్మ

పక్కింటి ఆవు ఇంకా ఉంది కదా? అమ్మేస్తామంటే, వచ్చే నెలదాకా ఆగమను.