కొట్టంలోని కోయిగువే పలకలు

ప్రియమైన భర్త ఎర్విన్ గారికి మీ ఒరియెతా నమస్కరించి రాస్తున్న ఉత్తరం. అత్తయ్య, మామయ్య కులాసా. నా ఆరోగ్యానికి లోటు లేదు. ఫ్రాన్స్‌లో ఎండ బాగా కాస్తోందని రాశారు, సంతోషం. ఇక్కడ చలికాలపు వాన పట్టుకుని వదలడం లేదు. నది పొంగి వంతెన కొట్టుకుపోయింది. కోత మిల్లు మూతపడింది. చెక్క ఆరబెట్టే గదుల్లో నిప్పు లేదు.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను. మీ ఊలు చొక్కాకు ఇంకా చేతులు మాత్రం అల్లాలి. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. పొయ్యి దగ్గర మాతే టీ తాగుతూ నన్ను గద్దిస్తూనే ఉన్నారు, అంటే బాగున్నట్టే. "తూకాలు ఎందుకు ఆగిపోయాయి? నా పలకలను పొయ్యిలో పెట్టేశావా?" అని మీరు ఉత్తరంలో వెక్కిరించారు. పొయ్యిలో పెట్టలేదండీ.

చెక్క ఆరే తీరు మీద పై చదువుకు వెళ్ళేముందు మీరు కొట్టంలో కోయిగువే చెట్టు పలకలు పేర్చి, చివరలకు మైనం పూసి, నాకు త్రాసు వాడడం నేర్పారు. లోపలికి పోయే వేడికి ఒక బాణం, బయటికి వచ్చే నీటికి ఒక బాణం కాగితం మీద గీసి చూపించారు. "పైకి ఎండినట్టే ఉంటుంది. లోపలి తడి కంటికి కనబడదు, తూకమే చెప్పాలి" అన్నారు. మీ లెక్కలు నాకు అర్థం కావు. అయినా నేను రాసి పంపిన తూకాల చుక్కలు మీ లెక్క గీత మీదే పడుతున్నాయని మీరు రాస్తే, సిగ్గేసి ఆ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. పక్కింటి నోల్వియా మాత్రం నేను త్రాసు తీసిన ప్రతిసారీ గోడ మీంచి తొంగిచూసేది.

"ఏమ్మా, నీ రెండో బిడ్డ ఎంత బరువు పెరిగింది?"

"పెరగకూడదక్కా, ఇది తగ్గాలి."

"బిడ్డ చిక్కిపోతుంటే మురిసిపోయే తల్లిని నిన్నే చూశాను!"

నా వీపున శాలువాలో ఉన్న మన పాప రొసౌరా ఏం తెలిసిందో, తనూ నవ్వేది.

ఇక దాచలేను. మన రొసౌరా లేదండీ. కోరింత దగ్గు వచ్చింది. వంతెన లేక డాక్టరు ఇవతలికి రాలేకపోయాడు. మామయ్య పడవ కోసం ఒడ్డంతా కేకలు వేసుకుంటూ తిరిగి వచ్చేలోపు, నా ఒళ్ళోనే పాప దగ్గు ఆగింది. తగ్గిందనుకున్నాను.

ఊళ్ళో ఉన్న చెక్కంతా నానిపోయి ఉంది. మామయ్య కొట్టంలో నిలబడి, "తడి చెక్కలో నా మనవరాలిని పడుకోబెట్టలేను, కోడలా. పొడిగా ఉన్నవి వాడి పలకలే. కోప్పడతాడేమో?" అన్నారు. "కోప్పడనివ్వండి, మామయ్యా" అన్నాను. పెట్టె కోసం రంపం పెట్టి కోస్తే లోపల ఒక్క పగులు లేదు. అంచు నుంచి నడిమికి ఒకటే రంగు. మీకు పనికొస్తుందేమో, రాసుకోండి.

మన పద్ధతి ప్రకారమే పాపకు తెల్ల గౌను తొడిగి, దేవదూతలా కాగితం రెక్కలు కట్టి, పూల మధ్య కుర్చీలో కూర్చోబెట్టాం. కలిస్తో తాత గిటారు మీటుతూ దేవుడి పాటలు పాడాడు. అత్తయ్య నా గడ్డం పట్టుకుని, "ఏడవకు పిల్లా! తల్లి ఏడిస్తే రెక్కలు తడిసి బిడ్డ పైకి ఎగరలేదు" అన్నారు. నేను ఏడవలేదు. గట్టి పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. ఇప్పటిదాకా ఏడవలేదు.

మీ పరీక్ష అయ్యేవరకు చెప్పొద్దని అత్తయ్య ఒట్టు వేయించుకున్నారు. కానీ మీరు మళ్ళీ "పాపకు పళ్ళు వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయండీ. కింద రెండు.

పాటలు అయ్యాక కలిస్తో తాతను పక్కకు పిలిచి, మరి తండ్రి ఏడిస్తే ఏమవుతుందని అడిగాను. ఆయన, "తండ్రి సంగతి పెద్దలెవరూ చెప్పలేదు తల్లీ" అన్నాడు.

అందుకని అడుగుతున్నాను. నా వంతు కూడా మీరే ఏడవండి.

ఇట్లు,
మీ రొసౌరాను కన్న తల్లి,
ఒరియెతా