కొవ్వు ముక్కలు

రాజోలు, 1979 డిసెంబరు, గురువారం రాత్రి

మళ్ళీ అదే నొప్పి. కుడి డొక్కలో మొదలై భుజం దాకా పాకింది. ఇది మూడోసారి, మూడుసార్లూ వేటమాంసం తిన్న రోజే.

సాయంత్రం మరియమ్మగారింట్లో ప్రార్థన కూడిక అయ్యేక భోజనానికి కూర్చోబెట్టేరు. "కొవ్వు ముక్కలన్నీ మీకోసమే తీసి ఉంచేనండి పాస్టరుగారూ" అంటూ ఆవిడే వడ్డించేరు. వద్దనబోయి ఆవిడ మొహం చూసేను. ఆ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. నేనూ వద్దంటే ఏమనుకుంటారు? అన్నీ తినేసేను. ఇంటికొచ్చి అంతా కక్కేసేను.

కిందటిసారి నొప్పొచ్చినప్పుడు చూపించుకుంటే, పిత్తాశయంలో రాళ్ళుండొచ్చు, అల్సరైనా కావచ్చు, ఎక్స్‌రే తీస్తేగాని చెప్పలేనన్నారు అమలాపురం డాక్టరుగారు. ముందు కొవ్వు మానెయ్యమన్నారు. నాన్న కూడా ఇలాగే డొక్క పట్టుకుని కూర్చునేవాడు. ఉత్త అజీర్తి అనుకుంటూనే పోయేడు. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పనేలేదు. ఎందుకు చెప్పలేదో...

ఇందాక వాళ్ళింటినుంచి వచ్చేస్తుంటే మరియమ్మగారు గుమ్మం దాకా వచ్చేరు. "నా మోకాళ్ళ కోసం ప్రార్థన చేసేరు కదండీ, మరి మీకేమన్నా బాధ ఉంటే చెప్పండి, మేమూ చేస్తాం" అన్నారు.

అప్పటికే డొక్కలో సన్నగా మొదలైంది.

"అబ్బే, నాకేం లేదండీ" అన్నాను.