ఏటీ నేదు

జనవరి 20, సోమవారం

ఎనిమిదో తరగతికి ఇవాళ సినానిమ్స్. బోర్డు మీద లై అని రాసి, దాని చుట్టాలందరినీ కింద దించాను. చిన్నపిల్లలు ఆడేది ఫిబ్. ఎదుటివాళ్ళ మనసు నొచ్చకుండా ఆడేది వైట్ లై. చేతిలో ఏమీ లేకుండా బెదిరిస్తే బ్లఫ్. కోర్టులో ప్రమాణం చేసి మరీ ఆడితే పర్జరీ, తిన్నగా జైలుకే. ఇంగ్లిష్ వాళ్ళు అబద్ధాలకి కూడా రేషన్ కార్డుల్లా రంగులు పెట్టుకున్నారంటే పిల్లలు పడీపడీ నవ్వారు.

మా ఎదురింటి హరిబాబు బాబాయి కూతురు తులసి లేచి నిలబడింది. వాళ్ళ నాన్న తెప్ప నిండా చేపలు తెచ్చినా ఒడ్డున ఎవరైనా అడిగితే ఏటీ నేదు అంటాడు, అది ఏ లై టీచర్ అని అడిగింది. మా పేటలో అందరూ అంతే. వేట నుంచి వచ్చినవాడు ఉన్నది ఉన్నట్టు చెబితే దిష్టి, మర్నాడు గంగమ్మ ఇవ్వదు. మా నాన్న ముప్పై ఏళ్ళుగా అదే మాట అంటున్నాడు. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. అది కస్టమ్, అంటే ఆచారం అని చెప్పి తప్పించుకున్నాను.

జనవరి 22, బుధవారం

హరిబాబు బాబాయి రాలేదు.

నాన్నా, ఆయనా తెల్లవారుజామున వేర్వేరు ఇంజను తెప్పల మీద వెళ్ళారు, ఇద్దరూ ఒంటరిగానే. జతగాళ్ళు గుజరాత్ బోట్ల పనికి పోయాక పేటలో సగం తెప్పలు ఇలాగే నడుస్తున్నాయి. ఇవాళ మంచు ఎలా ఉందంటే మా వీధి చివర కొళాయి కూడా కనపడలేదు. నాన్న తొమ్మిదికి ఒడ్డు చేరాడు. తులసి వాళ్ళమ్మ అసిరమ్మ పిన్ని ఎదురెళ్ళి, మీ తమ్ముడు కనపడ్డాడేటి అని అడిగింది. నాన్న వల విప్పుకుంటూ ఏటీ నేదు అన్నాడు. తల ఎత్తలేదు.

నాన్న వల వేసింది దక్షిణం వైపు. అటు ఏమీ లేదు కదా అని వెతకడానికి పోయిన బోట్లన్నీ ఉత్తరానికి తిరిగాయి.

జనవరి 23

తెప్ప దొరికింది. దక్షిణం వైపే. మనిషి లేడు.

జనవరి 25, మధ్యాహ్నం

నాన్న అన్నం ముట్టడం లేదు. సముద్రం వైపు కిటికీ మూసి గుడ్డ కుక్కాడు. మూడుసార్లు లేచి, ఎవులో పిలిసేరు సూడమ్మా అన్నాడు. చూశాను. ఎవరూ లేరు. నాకు విసుగొచ్చి కసిరాను, తర్వాత బాధేసింది.

జనవరి 27, సోమవారం

పోలీస్ స్టేషన్ రైటర్ కబురు పెట్టాడు. ఆఖరున అటు తిరిగింది నాన్నే కాబట్టి ఆయన స్టేట్‌మెంట్ కావాలట. కోస్ట్ గార్డుకి ఇంగ్లిష్‌లో పంపాలి, టీచరమ్మవి కదా నువ్వే రాసెయ్ అన్నాడు. ఇంట్లో కూర్చుని రాశాను. ఐ డిడ్ నాట్ సీ ఆర్ హియర్ ఎనీథింగ్. చూడలేదు, వినలేదు అని నాన్నకి అర్థం చెప్పాను.

వినలేదు దగ్గర ఆయన చెయ్యి నా చేతి మీద పడింది. ఆ ముక్క తీసెయ్యి అన్నాడు. ఎందుకు అంటే, తీసెయ్యమన్నాను కదే అన్నాడు.

జనవరి 28

ఇవాళ చెప్పాడు. మంచులో ఇంజను ఆపుకుని కూర్చుంటే, గంగులన్నా అని తన పేరు పెట్టి ఎవరో పిలిచారట. కాసేపాగి మళ్ళీ. రెండుసార్లు. నాన్న పలకలేదు. సముద్రం తీసుకున్నవాళ్ళు మంచులో పేరు పెట్టి పిలుస్తారు, పలికినవాణ్ణి తీసుకుపోతారు. రెండుసార్లకి మించి పిలవలేరు. మూడోసారి పిలిస్తే మనిషే. ఇది మా పేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాన్న ఇంజను వేసుకుని వచ్చేశాడు. ఒడ్డున పిన్ని అడిగేసరికి అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసిందట.

ఏడ్చాను. భయపడ్డాడు, అంతేకదా అనుకున్నాను. హియర్ కొట్టేశాను. నాన్న సంతకం చేశాడు, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

చెప్పాల్సింది చెప్పకుండా వదిలేస్తే దాన్ని లై బై ఒమిషన్ అంటారు. తెలుగులో మాట కోసం చాలాసేపు వెతికాను. బొంకు, బూటకం, కోతలు, డబ్బా. అన్నీ నోరు తెరిచి ఆడేవే.

ఫిబ్రవరి 1, శనివారం

నోటుబుక్కులు దిద్దాను. వైట్ లైకి సొంతవాక్యం రాయమన్నాను. తులసి రాసింది: మై టీచర్ సేస్ మై ఫాదర్ విల్ కమ్.

టిక్ పెట్టాను. గ్రామర్ తప్పు లేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

ఇక నావల్ల కాలేదు. పొద్దున్నే నాన్నని చెయ్యి పట్టుకుని పిన్ని ఇంటికి లాక్కెళ్ళాను. తులసి బడికి వెళ్ళిపోయింది, అదొక్కటే నయం. నాన్న గడప బయటే గొంతుక్కూర్చుని అంతా చెప్పాడు. పిన్ని తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది. ఎన్నిపాలి పిలిసినాడు బావా అని.

నేను చెప్పబోయాను, రెండు అని. నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

మూడు అన్నాడు.

మూడోది వినపడీసరికి ఇంజను ఏసేసినాను తల్లీ, మరి తిప్పనేకపోనాను అన్నాడు. పిన్ని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. నాకు నాన్న మీద అసహ్యం వేసింది. ఆరోజు నాకు నిజం చెబుతున్నప్పుడు కూడా నా దగ్గర ఒకటి దాచుకున్నాడు.

ఫిబ్రవరి 5, ఉదయం 11.40, స్టేషన్ వరండా

కొత్త స్టేట్‌మెంట్ రాశాను. హి కాల్డ్ మి త్రీ టైమ్స్. ఐ హర్డ్. రైటర్ పైకి చదివాడు. నాన్న సంతకానికి పెన్ను పట్టుకుని, ఉన్నట్టుండి కిటికీ వైపు తిరిగి, ఆఁ తమ్మా, వత్తన్నాను అన్నాడు.

కిటికీ అవతల మోటారు సైకిళ్ళు, ఎండ. మనిషి లేడు. ఎవరు పిలిచారని రైటర్ నన్ను అడిగాడు.

నాకూ వినబడిందని చెప్పాను.