ఇంకొక్క కుట్టు

మాస్టారూ,

మత్తు ఇవ్వడం నేర్పింది మీరే కాబట్టి ఈ గోల కూడా మీకే రాస్తున్నాను. రోగి క్షేమం. నేనే ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆయన బస్సు డ్రైవరు. గాలిగొట్టం బాగా ఇరుకైపోయింది. సర్జన్ గారు ఆ ఇరుకు ముక్క కోసి తీసేసి, ఊపిరి ఆగకుండా కింది కొసలోకే మా ట్యూబు పెట్టారు. రెండు కొసలూ కలిపి కుట్టాలంటే ఆ ట్యూబే అడ్డం. కాసేపు తీసి కుట్టాలి, మళ్లీ పెట్టి గాలి ఇవ్వాలి.

మీరనేవారు కదా, "అతని ఊపిరి ఆపినప్పుడు నీదీ ఆపమ్మా. నీకు ఉక్కిరిబిక్కిరైతే అతనికీ అయినట్టే." అలాగే ఆపాను. కానీ ఏడాదిగా నేను రోజూ ఈతకు వెళ్తున్నాను మాస్టారూ.

"ఇంకొక్క కుట్టు తల్లీ" అన్నారు సర్జన్ గారు. నాకు హాయిగానే ఉంది, తలూపాను.

"మేడం, ఆక్సిజన్ పడిపోతోందని మిషను మోగుతోంది, వినపడట్లేదా?" అని నర్సు అరిచింది.

ట్యూబు పెట్టి గాలి ఇచ్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. సాయంత్రం మెలకువ వచ్చాక ఆయన నా చెయ్యి పట్టుకుని దణ్ణం పెట్టబోయారు. చెయ్యి లాక్కుని వచ్చేశాను.

మిషను చూడకపోవడం నా తప్పే. అయినా మీ మీదా కోపంగానే ఉంది. ఇకనుంచి మిషనునే నమ్ముతాను, ఒట్టు. కానీ వచ్చే వారం మళ్లీ ఇలాంటి ఆపరేషనే ఉంది. నేను తీరిగ్గా గాలి పీలుస్తూ బల్ల మీది మనిషి ఊపిరి ఆపడం నా వల్ల కాదనిపిస్తోంది.

నిజం చెప్పండి మాస్టారూ, మీరు ఊపిరి బిగబట్టింది టైము లెక్క కోసమేనా?

మీ శిష్యురాలు