ఒక మెట్టు దించిన పాట

అక్కకు,

మొన్నటి నుంచి ముసురు వదలడం లేదు. చినుకు ఆగినప్పుడల్లా ఫ్యాను కట్టేసి రికార్డు చేస్తున్నాం, రేకుల మీద చప్పుడు మొదలవగానే ఆపేస్తున్నాం. ఒళ్ళు హూనమైంది గానీ బాగానే ఉన్నాను, కంగారుపడకు.

మా పాత బృందంలో పాడినవాడు, మేమంతా పొడుగు అని పిలిచేవాడు, వచ్చాడని రాశాను కదా. కరెంటు వాయిద్యాలు లేకుండా, వట్టి గిటార్లతో ఆ పాటలే మళ్ళీ పాడుతున్నాం. వాడికి గొంతు పైకి అందడం లేదు. వాడు టీకి వెళ్ళినప్పుడు రెండు గిటార్లకూ శ్రుతి ఒక మెట్టు తగ్గించాను. రాగానే తీగ మీటి కనిపెట్టేశాడు.

"పళ్ళూడినోడికి మెత్తగా వండిపెట్టినట్టు దించావేంట్రా? ఎక్కించు."

ఎక్కించాను. పాడిన ప్రతిసారీ చివరి చరణంలో గొంతు జీరపోయింది. ఆఖరికి వాడే తీగలు దించుకుని పాడాడు. పాట కుదిరింది. ఇక ఒక్క పాటే మిగిలింది.

"అది ఎంత దించినా నాకందదురా. నువ్వే పాడు. ఇన్నేళ్ళూ నా వెనక ఊకొట్టింది చాలు" అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు.

పాపకు దగ్గు తగ్గిందా? వంటింట్లో కారే చోట బావగారు రేకు మార్పించారా? ఎవరైనా ఇటు వస్తుంటే నా దుప్పటి పంపు. బావగారికి నమస్కారాలు, పాపకు దీవెనలు. ఆ పాట పాడాకే వస్తాను.

పొడుగు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

తమ్ముడు