దెబ్బ తగిలిన తల మీద ఒట్టు

గురువారం రాత్రి, పార్సిప్పనీ, అమెరికా

రేపు సాయంత్రం నా మనవడు కిరణ్ మళ్లీ మ్యాచ్‌కి ఫ్లైట్ ఎక్కుతాడు. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు లాక్రోస్. చుట్టూ గోడలున్న హాల్లో, చివర వల ఉన్న కర్రలతో బంతి కోసం కుమ్ముకుంటారు. పోయిన శనివారం ఎవడో వీణ్ణి ఆ గోడకేసి కొట్టడం టీవీలో చూశాను. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇవాళ అన్నానికి పిలవబోతే, గదిలో లైటు ఆర్పుకుని కూర్చున్నాడు.

"ఏమిట్రా ఈ చీకటి?"

"లైట్ చూస్తే హెడేక్ వస్తుంది అమ్మమ్మా. మమ్మీకి చెప్పొద్దు. డాక్టర్ చెక్ చేస్తే నన్ను ఆపేస్తారు, నా ప్లేస్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. టీమ్‌లోకి రావడానికి ఎంత ట్రై చేశానో నీకు తెలుసు కదా!"

"నీ ప్లేసు మండ! తల కంటే ఎక్కువా?"

"ప్లీజ్. ప్రామిస్ చెయ్."

నా చెయ్యి లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. ఒట్టంటే అలా వేయించుకోవాలని చిన్నప్పుడు నేర్పింది నేనే. "సరే" అనేశాను. అప్పుడు తగిలింది వేళ్లకి, జుట్టు కింద నిమ్మకాయంత వాపు.

ఒట్టు తప్పితే ఆ తలకే కీడంటారు. తప్పకపోతే రేపు అదే తలతో మళ్లీ ఆ గోడల మధ్యకి పోతాడు. ఒట్టు తీసి గట్టున పెట్టమని మా అమ్మ తేలిగ్గా అనేది. మనవడి తలని ఎక్కడ పెట్టను?

స్వామీ, తప్పేది నేను. వచ్చే కీడు నా తలకే రానీ. వంటింట్లో మా అమ్మాయి ఇంకా గిన్నెలు సర్దుతోంది. అది పడుకోకముందే వెళ్లి చెప్పేస్తాను. తర్వాత వాడు నాతో మాట్లాడతాడో లేదో...