ఉన్నాం అనాలి

చెల్లీ,

మీ బావగారు చెబితే నువ్వు నమ్మవని రాసి ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. "కాన్పుకి కూడా క్లాసులేంటక్కా, విడ్డూరం!" అని నవ్వావు. మొదట్లో నేనూ నవ్వాను.

మా క్లాసులో నర్సమ్మ హాజరు వేసేటప్పుడు కడుపు మీద చెయ్యి పెట్టుకుని, బిడ్డ కదిలాకే "ఉన్నాం" అనాలి. "ఉన్నాను" అంటే ఊరుకునేది కాదు. ఎనిమిదో నెలలో ఒకరోజు నా వంతు వచ్చేసరికి నా నోటినిండా మంచినీళ్ళున్నాయి. అయినా "ఉన్నాను" అని నా గొంతే వినిపించింది. చాపల మీదున్న వాళ్ళంతా నావైపు తిరిగారు. నర్సమ్మ పెన్ను కింద పడేసి నన్ను స్కానింగుకి లాక్కెళ్ళింది. బిడ్డ మెడకి పేగు చుట్టుకుని గుండె నెమ్మదించిందట. గంటలో ఆపరేషన్ చేశారు కాబట్టి వాడు దక్కాడు. ఆ మాట అన్నదెవరో ఇప్పటికీ నేనెవరినీ అడగలేదు.

ఇందాక ఫోన్లో "ఎలా ఉన్నారే ఇద్దరూ, నువ్వూ నీ కడుపులో బిడ్డా?" అన్నాను. "ఉన్నాను" అని నీ గొంతు వినిపించింది. ఆ వెంటనే నువ్వు, "ఏమన్నావక్కా? వినపడలేదు" అన్నావు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు.

చెప్పులేసుకుని మీ బావగారి బండెక్కు, ఆసుపత్రికి తీసుకెళ్తారు. దారిలో పలకరిస్తే మాత్రం, కడుపులో కదిలాకే జవాబు చెప్పు.

మీ అక్క